ప్రతి లేని పెట్టె: కేబుల్ టీవీ నుండి స్ట్రీమింగ్ సాధనాల వరకు - ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

టెలివిజన్ చరిత్రను కార్యక్రమాల చరిత్రగా రాయడం మనకు అలవాటు. ధారావాహికలు, వార్తలు, నిర్మాణ సంస్థలు, నటీనటులు అందులో ప్రధాన స్థానం పొందుతారు. కార్యక్రమాన్ని ఇంటికి చేర్చిన సాధనానికి మాత్రం ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దక్కదు. అయితే వీక్షకుడు ఏది చూడగలడు, ఎప్పుడు చూడగలడు, చూసినదాన్ని దాచుకోగలడా అనే మూడు ప్రశ్నలకు సమాధానం చాలావరకు ఆ సాధనం స్వరూపం మీదనే ఆధారపడి ఉంటుంది.

ఇంటర్నెట్ ద్వారా వచ్చే దృశ్యాన్ని టీవీ తెరకు చేర్చే రోకు, ఆపిల్ టీవీ, క్రోమ్‌కాస్ట్, ఫైర్ టీవీ వంటి చిన్న సాధనాలను ఈ వ్యాసంలో ‘స్ట్రీమింగ్ పెట్టెలు’ అని వ్యవహరిస్తున్నాను. కేబుల్‌కు ప్రత్యామ్నాయంగా వచ్చిన ఈ పెట్టెలను వీక్షకుని విముక్తి సాధనాలుగా వర్ణించడం పరిపాటి. ఆ వర్ణన సగమే నిజమని చూపడం ఈ వ్యాస లక్ష్యం. పై మూడు ప్రశ్నల్లో మొదటి రెండింటి విషయంలో ఈ పెట్టె వీక్షకునికి వెసులుబాటు కల్పించింది. మూడోదాని విషయంలో అతనికి అంతకుముందు ఉన్న హక్కునే తొలగించింది. ఈ సాధనాలు పుట్టి పెరిగింది అమెరికాలో కాబట్టి పరిశీలన ప్రధానంగా అక్కడిదే. తెలుగు వీక్షకుల అనుభవాన్ని చివర ప్రస్తావిస్తాను.

తీగ పుట్టుక - గుత్తాధిపత్యం

కేబుల్ టీవీ మొదట పెద్ద సంస్థల వ్యాపారం కాదు. కొండల మధ్య ఉన్న చిన్న ఊళ్ల అవసరం. గాలిలో వచ్చే ప్రసార తరంగాలను కొండలు అడ్డగించేవి. 1948లో ఆరెగాన్ రాష్ట్రంలోని ఆస్టోరియా పట్టణంలో ఎడ్ పార్సన్స్ ఒక హోటల్ పైకప్పు మీద యాంటెన్నా నిలిపి, సియాటిల్ కేంద్రపు ప్రసారాన్ని తీగల ద్వారా అందించాడు. పెన్సిల్వేనియా కొండ ప్రాంతాల్లోనూ ఇటువంటి ప్రయత్నాలు దాదాపు అదే కాలంలో జరిగాయి. టీవీ సెట్లు అమ్మే దుకాణదారులు వీటికి పూనుకోవడంలో ఆశ్చర్యం లేదు. బొమ్మ రాని ఊరిలో సెట్టు ఎవరూ కొనరు. అదే ఏడాది నుండి 1952 వరకు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కొత్త టీవీ కేంద్రాలకు అనుమతులు నిలిపివేయడం కూడా ఈ ఉమ్మడి యాంటెన్నాల వ్యాప్తికి తోడ్పడింది.

1970వ దశకంలో ఈ స్వరూపం మారింది. 1972లో పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బారీలో మొదలైన హెచ్‌బీఓ 1975లో ఉపగ్రహం ద్వారా దేశమంతటికీ కార్యక్రమాలను పంపడం ఆరంభించింది. 1979లో ఈఎస్‌పీఎన్, 1980లో సీఎన్ఎన్ వచ్చాయి. అంతవరకు ఆకాశంలోని బొమ్మను ఇంటికి దించిన తీగ, ఇప్పుడు ఆకాశంలో దొరకని బొమ్మను అమ్మసాగింది. ఛానళ్లను విడివిడిగా కాక కట్టలుగా అమ్మడం, చాలా ఊళ్లలో ఒకే కేబుల్ సంస్థ ఉండటం వల్ల వీక్షకునికి బేరమాడే అవకాశం తగ్గింది. చందా ధరలను అదుపు చేయడానికి 1992లో అమెరికన్ కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చిందంటే అసంతృప్తి ఎంతగా ఉన్నదో ఊహించవచ్చు.

దాచుకునే పెట్టెలు

కేబుల్ అధికారానికి తొలి సవాలు ఛానళ్ల ఎంపికలో కాక వేళ విషయంలో ఎదురైంది. వీడియో క్యాసెట్ రికార్డర్‌తో ఇంట్లో కార్యక్రమాలను రికార్డు చేసుకోవడం గ్రంథస్వామ్య ఉల్లంఘన అని యూనివర్సల్, డిస్నీ సంస్థలు సోనీపై వేసిన దావాలో, 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురి తేడాతో సోనీ పక్షాన తీర్పు చెప్పింది. ప్రసార వేళకు చూడలేనివారు రికార్డు చేసుకొని తరువాత చూడటం న్యాయసమ్మత వినియోగమే అన్నది తీర్పు సారం. వేళను మార్చుకునే స్వేచ్ఛకు, ప్రతిని ఉంచుకునే సౌకర్యానికి ఇక్కడ ఒకే యంత్రం ఆధారం అన్న విషయం గమనార్హం. తరువాతి చరిత్రలో ఈ రెండూ విడిపోతాయి.

1999లో టివో, రీప్లే టీవీ అనే రెండు సాధనాలు మార్కెట్లోకి వచ్చాయి. ఇవి క్యాసెట్‌కు బదులు హార్డ్‌డిస్క్‌లో కార్యక్రమాలను నిల్వ చేసేవి. రీప్లే టీవీ వ్యవస్థాపకుడు ఆంథొనీ వుడ్. ప్రకటనలను దానంతటదే దాటవేసే, రికార్డు చేసినదాన్ని మరొకరికి పంపే సౌకర్యం గల నమూనా రావడంతో 2001లో ప్రసార, చిత్ర నిర్మాణ సంస్థలు దాని అప్పటి యజమాని సోనిక్‌బ్లూపై దావాలు వేశాయి. ఆ సంస్థ 2003లో దివాలా తీసింది. వీక్షకుని చేతిలో ప్రతి ఉండటాన్ని పరిశ్రమ ఎంతగా ప్రతిఘటించిందో ఈ ఉదంతం తెలుపుతుంది.

అద్దె పెట్టె - చట్టం

ఇదే కాలంలో కేబుల్ సంస్థ ఇచ్చే పెట్టె మరొక వివాదానికి కేంద్రమైంది. చందాదారుడు ఆ పెట్టెను కొనుక్కోలేడు; నెలనెలా అద్దె చెల్లించాలి. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 629వ సెక్షన్ ఈ పెట్టెలు బహిరంగ మార్కెట్లో దొరికేటట్లు చూడమని కమిషన్‌ను ఆదేశించింది. దాని ఫలితమే కేబుల్‌కార్డ్. ఏ తయారీదారుడి పెట్టెలోనైనా అమర్చుకోదగిన ఆ కార్డును, 2007 జూలై నుండి కేబుల్ సంస్థలు తమ పెట్టెలలో సైతం వాడాలని నియమం వచ్చింది. అయినా జనం బయటి పెట్టెలను పెద్దగా కొనలేదు. ఇద్దరు సెనేటర్లు 2015లో వెల్లడించిన వివరాల ప్రకారం చందాదారుల్లో 99 శాతం అద్దె పెట్టెల మీదనే ఆధారపడ్డారు. సగటు కుటుంబం వాటికి ఏడాదికి 231 డాలర్లు చెల్లించింది. మరుసటి ఏడాది కమిషన్ అధ్యక్షుడు టామ్ వీలర్ తెచ్చిన కొత్త ప్రతిపాదన తుది ఓటింగుకు రాకుండానే ఆగిపోయింది.

ఇరవై ఏళ్లపాటు చట్టం సాధించలేనిదాన్ని, కేబుల్ తీగతో సంబంధమే లేని మరో పెట్టె పక్కదారిన వచ్చి సాధించింది.

నిల్వ లేని పెట్టె

నెట్‌ఫ్లిక్స్ 2007 జనవరిలో ఇంటర్నెట్ ద్వారా చిత్రాలను చూపడం మొదలుపెట్టింది. కంప్యూటర్ తెర నుండి టీవీ తెరకు చేరడానికి ఆ సంస్థ లోపలే ఒక పెట్టెను రూపొందించారు. సొంత పెట్టెను అమ్మితే ఇతర తయారీదారులు తమను పోటీదారుగా చూస్తారన్న సంకోచంతో నెట్‌ఫ్లిక్స్ చివరి దశలో దాన్ని విరమించి, ఆ పనిని రోకు సంస్థకు వదిలివేసింది. 2008 మే నెలలో 99.99 డాలర్ల ధరతో వచ్చిన ఆ పెట్టెను స్ట్రీమింగ్ సాధనాల చరిత్రలో మైలురాయిగా పరిగణించవచ్చు.

రోకు వ్యవస్థాపకుడు మరెవరో కాదు, రీప్లే టీవీని నిర్మించిన ఆంథొనీ వుడ్. జపాన్ భాషలో ‘రోకు’ అంటే ఆరు. అది ఆయన ఆరవ సంస్థ. హార్డ్‌డిస్క్‌లో కార్యక్రమాలను దాచే యంత్రాన్ని చేసిన వ్యక్తే, తొమ్మిదేళ్ల తరువాత ఏదీ దాచని యంత్రాన్ని చేశాడు. ఆపిల్ టీవీ పరిణామం కూడా ఈ దిశలోనే సాగింది. 2007లో వచ్చిన తొలి నమూనాలో 40 గిగాబైట్ల హార్డ్‌డిస్క్ ఉండేది. కొన్న చిత్రం అందులో నిలిచేది. 2010 నాటి రెండవ నమూనాలో ఆ డిస్క్‌ను తీసివేశారు. పెట్టె చిన్నదైంది, ధర 299 డాలర్ల నుండి 99 డాలర్లకు తగ్గింది. 2013లో 35 డాలర్లకే వచ్చిన క్రోమ్‌కాస్ట్ టీవీ వెనుక గుచ్చే పుల్లంత అయింది. సాధనం చవకై, సులభమై, ఇంటింటికీ చేరడానికి అది దేన్నీ దాచుకోకపోవడమే ఒక ముఖ్య కారణం. వీక్షకుడు కోరిన వేళకు చిత్రం సంస్థ సర్వర్ నుండి వస్తుంది. చూడటం ముగిసిన తరువాత ఇంట్లో ఏమీ మిగలదు.

ఫలితం వేగంగా కనిపించింది. 2015లో స్లింగ్ టీవీ, 2017లో యూట్యూబ్ టీవీ ప్రత్యక్ష ఛానళ్లను సైతం కేబుల్ లేకుండానే అందించసాగాయి. నీల్సన్ సంస్థ లెక్కల్లో 2022 జూలైలో అమెరికన్ల టీవీ వీక్షణ కాలంలో స్ట్రీమింగ్ వాటా 34.8 శాతానికి చేరి, 34.4 శాతం వద్ద ఉన్న కేబుల్‌ను మొదటిసారి దాటింది. 2025 మే నాటికి కేబుల్, సాధారణ ప్రసారాలు రెండూ కలిసినా దానికంటే వెనుకబడ్డాయి.

మారిన ద్వారపాలకులు

ఈ మార్పును ద్వారం తెరుచుకోవడంగా కంటే ద్వారపాలకుడు మారడంగా అర్థం చేసుకోవాలని తరువాతి సంఘటనలు సూచిస్తున్నాయి. 2015లో అమెజాన్ తన దుకాణంలో క్రోమ్‌కాస్ట్, ఆపిల్ టీవీ అమ్మకాలను ఆపింది. అమెజాన్‌తో వివాదం ముదరగా గూగుల్ ఫైర్ టీవీ నుండి యూట్యూబ్‌ను ఉపసంహరించింది. అది 2019లో గాని తిరిగి రాలేదు. 2020 మే నెలలో ఆరంభమైన హెచ్‌బీఓ మాక్స్ రోకు పెట్టెలోకి ప్రవేశించడానికి డిసెంబరు దాకా పట్టింది. కేబుల్ సంస్థకు, ఛానల్‌కు మధ్య జరిగే పాత తగవులే ఇప్పుడు పెట్టెకు, యాప్‌కు మధ్య జరుగుతున్నాయి. మొదట 35 డాలర్లుగా ఉన్న యూట్యూబ్ టీవీ నెలసరి చందా 2025 నాటికి 82.99 డాలర్లకు చేరడంతో ధరలో కూడా పాత కేబుల్ పోలికే కనిపిస్తున్నది.

అయితే కేబుల్ యుగంలో లేని నష్టం మరొకటి ఉంది. 2022 నవంబరులో డిస్నీ ప్లస్‌లో విడుదలైన ‘విల్లో’ ధారావాహికను 2023 మే నెలలో ఆ సంస్థే తొలగించింది. ఆరు నెలలు తిరగకముందే చందాదారులకు అది అందకుండా పోయింది. కేబుల్‌లో ప్రసారమై ఆగిపోయిన ధారావాహికకు ఎవరో ఒకరి ఇంట క్యాసెట్ మిగిలే అవకాశం ఉండేది. ఇక్కడ ఆ అవకాశమే బహుస్వల్పం. పైగా సాంకేతిక రక్షణలను ఛేదించి ప్రతి తీయడాన్ని అమెరికాలో 1998 నాటి డిజిటల్ గ్రంథస్వామ్య చట్టం నిషేధిస్తున్నది. 1984 తీర్పు రద్దు కాలేదు. దాన్ని వర్తింపజేయడానికి ఇంట్లో రికార్డు చేసే యంత్రమే లేకపోయింది.

తెలుగు వీక్షకులు

అమెరికాలోని తెలుగువారి వీక్షణ చరిత్ర పై పరిణామాన్ని సంక్షిప్తంగా ప్రతిబింబిస్తుంది. ఒకప్పుడు భారతీయ కిరాణా దుకాణాల్లో తెలుగు చిత్రాల వీడియో క్యాసెట్లు అద్దెకు దొరికేవి. తరువాత డిష్ నెట్‌వర్క్ వంటి ఉపగ్రహ సంస్థల భాషా ప్యాకేజీలలో తెలుగు ఛానళ్లు చేరాయి. 2006లో అట్లాంటా కేంద్రంగా ఉదయ్ రెడ్డి స్థాపించిన యప్ టీవీ ఆ ఛానళ్లను ఇంటర్నెట్ మీదికి తెచ్చింది. అద్దె ఇళ్లలో ఉండి, ఊళ్లు మారే విద్యార్థులకు, ఉద్యోగులకు పైకప్పు మీద డిష్ కంటే జేబులో పట్టే పెట్టె అనుకూలమైంది.

తెలుగు రాష్ట్రాల్లో క్రమం వేరు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, 1995లో జెమిని, ఈటీవీ ఛానళ్లు వచ్చిన తరువాత కేబుల్ వాడవాడలా విస్తరించింది. ఇక్కడ పెట్టె స్వేచ్ఛగా కాక లెక్కగా వచ్చింది. స్థానిక కేబుల్ నిర్వాహకులు చందాదారుల సంఖ్యను తక్కువగా చూపుతున్నారన్న ఫిర్యాదు డిజిటలీకరణకు ఒక ప్రధాన ప్రేరణ. 2011 చట్ట సవరణ తరువాత దశలవారీగా సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి అయింది. హైదరాబాదు, విశాఖపట్నం 2013 మార్చి గడువున్న రెండవ దశలో చేరాయి. 2017 ఏప్రిల్‌లో ఫైర్ టీవీ స్టిక్ 3,999 రూపాయలకు భారతదేశానికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడింటినీ ఒకే తీగపై అందించింది. చందా ఇంత చవక అయినచోట కేబుల్‌ను తెంచుకోవాలన్న తొందర అమెరికాలో ఉన్నంతగా ఉండదు. 2020 ఉగాదికి ‘ఆహా’ తెలుగుకే ప్రత్యేకమైన వేదికగా ఆరంభం కావడంతో, కేవలం స్ట్రీమింగ్ కోసమే రచింపబడిన తెలుగు కథనాలు ఒక ప్రత్యేక శాఖగా ఎదిగాయి. ఈ కథనాల మూలప్రతులు మాత్రం వేదికల సర్వర్లలోనే ఉన్నాయి.

సాహిత్య పరిశోధకులకు ఇది దూరపు విషయం కాదు. వారపత్రికల్లో వచ్చిన ధారావాహిక నవలల పుటలను చింపి, కుట్టించి, బైండు చేయించుకున్న పాఠకుల శ్రద్ధ వల్లనే ఎన్నో నవలలు నేటి పరిశోధకునికి దొరుకుతున్నాయి. ఆ పాఠకులు పరిశోధన కోసం దాచలేదు, ఇష్టంతో దాచుకున్నారు. స్ట్రీమింగ్ పెట్టె ఇష్టపడే వీలు ఇస్తుంది గాని దాచుకునే వీలు ఇవ్వదు.

ఉపసంహారం

కొండ ఊళ్ల ఉమ్మడి యాంటెన్నాగా మొదలైన కేబుల్ గుత్తాధిపత్యంగా మారింది. దాన్ని భేదించిన స్ట్రీమింగ్ పెట్టె వీక్షకునికి వేళపై అధికారమిచ్చి, అతని చేతిలోని ప్రతిని తీసుకున్నది. కనుక నిలుపుకునే బాధ్యత ఇకపై వ్యక్తుల నుండి సంస్థలకు మారక తప్పదు. ఇందుకు ఒక పూర్వోదాహరణ ఉన్నది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1968 ఆగస్టు నుండి జాతీయ ఛానళ్ల సాయంకాల వార్తలను రికార్డు చేసి భద్రపరుస్తున్నది. దానిపై సీబీఎస్ దావా వేసినా, 1976 గ్రంథస్వామ్య చట్టం వార్తలను భద్రపరిచే గ్రంథాలయాలకు మినహాయింపు కల్పించింది. ఒక విశ్వవిద్యాలయం ముందు పని మొదలుపెట్టింది. చట్టం తరువాత దారి ఇచ్చింది.

మన దేశంలో ముద్రిత గ్రంథాల, పత్రికల ప్రతులను నిర్ణీత గ్రంథాలయాలకు అందజేయాలని 1954 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. టీవీ, స్ట్రీమింగ్ కథనాలకు ఆ చట్టం వర్తించదు. తెలుగు శాఖలు నిర్మాతలతోను, వేదికలతోను ఒప్పందాలు చేసుకొని కనీసం రచనా ప్రతులను, సంభాషణల పాఠాలను, తొలి ప్రదర్శన వివరాలను సేకరించడం ఇప్పుడే ఆరంభించదగిన పని. అవి లేనినాడు ఈ దశాబ్దపు తెలుగు దృశ్యకథనాన్ని పరిశోధించే వ్యక్తికి సమీక్షలు, ప్రకటనలు మాత్రమే ఆధారాలవుతాయి; మూలం ఉండదు.