నంబరు లేని బండి

మా వీధి చివర ఉండే కుర్రవాడు కొత్త మోటారుసైకిలు కొని ఏడాది దాటింది. పొరుగు రాష్ట్రంలో కొని, తాత్కాలిక నంబరు మీద ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. హ్యాండిలుకు కట్టిన నిమ్మకాయలు ఎండి రాలిపోయాయి. ట్యాంకు మీది పసుపు బొట్లు వానలకు కడుక్కుపోయాయి. నంబరు ఉండవలసిన చోట మాత్రం షోరూము పేరున్న అట్టముక్క అలాగే ఉన్నది. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

"ఎవరూ ఆపలేదు బాబాయ్! అయినా బండి డబ్బు నాది, పెట్రోలు డబ్బు నాది. మధ్యలో వాళ్ళకెందుకు పదిహేను వేలు?" అన్నాడు.

వెంటనే ఒక ఉపన్యాసం ఇవ్వబోయి ఆగిపోయాను. ఆ "వాళ్ళకెందుకు" అన్న ప్రశ్న తేలికగా కొట్టిపారేయదగినది కాదు. మోటారు బండి పుట్టిన నాటినుండి జనం ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. జవాబు వెదకుతూ పోతే తేలినదేమిటంటే, బండికి నంబరు ఒక అవసరం కొద్దీ పుట్టింది, పన్ను మరొక అవసరం కొద్దీ పుట్టింది. రెండూ ఒకే కార్యాలయంలో చేరి కవలపిల్లల్లా కనబడుతున్నవే గాని, తోబుట్టువులు కావు.

నంబరు పలక కథ పారిస్ నగరంలో మొదలవుతుంది. 1893 ఆగస్టు 14న అక్కడి పోలీసు అధికారి ఒక ఉత్తర్వు జారీ చేశాడు. మోటారు బండి నడిపేవాడు దానికొక లోహపు పలక తగిలించాలి, ఆ పలక మీద యజమాని పేరు, చిరునామా, అనుమతి సంఖ్య ఉండాలి అని దాని సారాంశం. గమనించవలసినది ఇక్కడే ఉన్నది. తొలినాటి పలక మీద అంకె ఒక్కటే కాదు, మనిషి పేరు కూడా ఉన్నది. గుర్రపు బండివాణ్ణి ఊళ్ళో అందరూ ఎరుగుదురు. దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయే ఈ కొత్త వాహనం ఎవరిదో ఎవరికీ తెలియదు. అది ఎవరినైనా తొక్కేసి పోతే, పోయింది ఫలానావాడని చెప్పడానికి ఒక ఆనవాలు కావలసి వచ్చింది. పరుగెత్తే బండి మీద పేరూ ఊరూ చదవడం ఎవరి తరమూ కాదు గనుక కాలక్రమంలో పేరు చెరిగి అంకె మిగిలింది. అంటే నంబరు మొదట రసీదు కాదు, పేరుకు బదులుగా పెట్టుకున్న పొట్టి పేరు.

ఇంగ్లండులో 1903 నాటి మోటారు కారు చట్టం, 1904 జనవరి 1 నుండి అమలులోకి వచ్చి, ఇదే పద్ధతిని దేశమంతటా స్థిరపరచింది. అందులో ఒక బేరం ఉన్నది. వేగపు పరిమితిని గంటకు 20 మైళ్ళకు పెంచుతాము, దానికి బదులుగా ప్రతి బండీ నంబరు తగిలించుకోవాలి అని. నమోదు రుసుము కారుకు 20 షిల్లింగులు, మోటారుసైకిలుకు 5 షిల్లింగులు. నంబరు తగిలించుకోవడం ఖైదీ గుర్తులా ఉన్నదని నొచ్చుకున్న దొరలూ ఉన్నారు, "ఎ 1" అనే నంబరు కోసం ఎగబడిన దొరలూ ఉన్నారు. ఇవాళ మన రవాణా కార్యాలయాలలో 9999 కోసం లక్షలు పోసి వేలం పాడేవారికి వాళ్ళే మూలపురుషులు.

ఆ ముచ్చట మన వైపుకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మద్రాసు నగరంలో "ఎం.సి. 1" అనే తొలి నంబరు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు కారుదని నగర చరిత్రకారులు చెబుతారు. ఆయన రైల్వే ఇంజనీరు, తరువాత మద్రాసు పోర్టు ట్రస్టు అధ్యక్షుడు. ఆయన కార్యాలయంలోనే 1912లో ఒక సన్నకారు గుమాస్తా చేరాడు, శ్రీనివాస రామానుజన్ అని. ఆ గుమాస్తాను కేంబ్రిడ్జికి పంపే ప్రయత్నంలో స్ప్రింగు దొర చేయి కూడా ఉన్నది. తరువాత లండనులో ఆసుపత్రి మంచం మీద ఉన్న రామానుజన్‌ను చూడటానికి హార్డీ వచ్చిన టాక్సీ నంబరు 1729 కావడం, ఆ అంకె జగద్విఖ్యాతం కావడం అందరికీ తెలిసినదే. ఒక బండి నంబరు ఆ బండికన్నా ఎక్కువ కాలం బ్రతకగలదనడానికి ఇంతకన్నా నిదర్శనం ఉండదు.

అప్పటికి దేశమంతటికీ ఒకే చట్టం ఉండేది కాదు, ఏ రాష్ట్రం ఏర్పాట్లు ఆ రాష్ట్రానివి. 1914లో వచ్చిన భారత మోటారు వాహనాల చట్టం బండ్ల నమోదును, డ్రైవరు లైసెన్సును ఒక గొడుగు కిందికి తెచ్చింది. ఇంతవరకు కథలో రోడ్డు పన్ను ప్రసక్తి లేదని చదువరులు గమనించే ఉంటారు.

పన్ను వేరే దారిన వచ్చింది. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో రోడ్లకు అడ్డంగా సుంకపు గేట్లు ఉండేవి. స్థానిక సంస్థలు ఎవరి పరిధిలో వారు గేటు పెట్టి బండికింత అని వసూలు చేసేవి. సుంకరి వద్ద సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు అన్న మన సామెత ఇటువంటి చోట్ల పుట్టినదే. ఎడ్లబండికి నడకే నెమ్మది గనుక గేటు దగ్గర ఆగినా ఫరవాలేదు. మోటారు బండి మైలు మైలుకూ ఆగితే ఇక మోటారు దేనికి? 1931 నాటి మద్రాసు మోటారు వాహనాల పన్నుల చట్టం ఆ గేట్లకు స్వస్తి చెప్పి, బండికి ఒకే పన్ను విధించి, ఆదాయం కోల్పోయిన స్థానిక సంస్థలకు పరిహారం ఏర్పాటు చేసింది. అంటే రోడ్డు పన్ను పుట్టుకలో ఒక ఒడంబడిక ఉన్నది: "ఒకచోట కట్టు, దారిలో నిన్ను ఎవరూ ఆపరు" అని.

తరువాత 1939 చట్టం వచ్చింది. అందులో మూడవ పక్షానికి బీమా తప్పనిసరి చేసిన అధ్యాయం 1946 జులై 1 నుండి అమలైంది. దీనితో నంబరుకు పూర్వం లేని బలం చేకూరింది. గుద్దిన బండి నంబరు చెప్పగలిగితే చాలు, దాని వెనుక యజమాని, అతని వెనుక బీమా కంపెనీ, గాయపడినవాడి ముందు వచ్చి నిలబడవలసిందే. చదువురాని కూలివాడు సైతం ఆ నాలుగంకెలు గుర్తుపెట్టుకుంటే పరిహారం అడిగే హక్కు పొందాడు.

రాజ్యాంగం ఈ రెండింటినీ వేరువేరుగానే ఉంచింది. నమోదు పద్ధతి కేంద్ర చట్టం ప్రకారం, రోడ్డు బండ్ల మీద పన్ను రాష్ట్రాల అధికారం. నిజాం ప్రాంతానికి 1955 నాటి హైదరాబాదు చట్టం, కోస్తా సీమలకు పాత 1931 చట్టం ఉండగా, 1963లో ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం రెండింటినీ ఒకటి చేసింది. మొదట్లో విడతలుగా కట్టిన పన్ను ద్విచక్ర వాహనాలకు క్రమేణా జీవితకాలపు పన్నుగా మారింది. ఇక మొత్తాలు చూడండి. మోటారుసైకిలు నమోదు రుసుము చాలాకాలం 60 రూపాయలే ఉండి 2016 చివర 300 అయింది. పన్ను సంగతి అట్లా కాదు. ఒకప్పుడు బండి ధరలో 9 శాతంగా ఉన్నదాన్ని తెలంగాణలో 2022లో 50 వేలు దాటిన బండ్లకు 12 శాతం చేశారు. మా వీధి కుర్రవాడు ఎగ్గొట్టినది పన్ను. కాని దానితోపాటు పోగొట్టుకున్నది నంబరు. ఇదే ఈ కథలోని చిక్కు.

ఈ చిక్కుముడి వేయడంలో ప్రభుత్వాల పాలు తక్కువేమీ కాదు. నంబరును పేరుగా కాక, కుళాయిలా చూడటం అలవాటైంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు తెలంగాణలో ఉన్న "ఎ.పి." బండ్లన్నీ "టి.ఎస్." చేసుకోవాలన్న ఆలోచన వచ్చి, వివాదమై, నిలిచిపోయింది. 2024 మార్చి నుండి కొత్త బండ్లకు "టి.జి." వచ్చింది. ఒకే ఇంటి ముందు మూడు తరాల అక్షరాలు నిలబడి ఉన్న దృశ్యం హైదరాబాదులో ఇప్పుడు సర్వసాధారణం. బెంగుళూరులో ఉద్యోగాలు చేసిన మనవారికి మరొక అనుభవం. బయటి రాష్ట్రపు బండి 30 రోజులు దాటి ఉంటే జీవితకాలపు పన్ను కట్టాలని కర్ణాటక 2014లో చట్టం సవరించగా, 2016లో అక్కడి హైకోర్టు దానిని కొట్టివేసింది. దేశం ఒకటే, రోడ్డు ఒకటే, పొలిమేర దాటితే మాత్రం బండి పరాయిదవుతుంది. 2021లో వచ్చిన "బి.హెచ్." వరుస బదిలీ ఉద్యోగులకు కొంత ఊరట. అందులో పన్ను రెండేళ్ళకొకసారి కట్టవచ్చు. ఇక 1931 ఒడంబడిక మాటకొస్తే, సుంకపు గేట్లు టోల్‌ప్లాజాల రూపంలో తిరిగి వచ్చి కూర్చున్నవి. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలను వదిలిపెట్టడం ఒక్కటే మనకు మిగిలిన పాత మర్యాద.

మరి పన్ను, నమోదు లేకుండా న్యాయంగా బండి నడపడానికి దారే లేదా అంటే, ఉన్నది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండే చిన్న విద్యుత్తు స్కూటరు కేంద్ర నిబంధనల ప్రకారం మోటారు వాహనమే కాదు, దానికి నంబరు అక్కరలేదు. గుద్దినా ప్రాణం మీదికి రాదన్న నమ్మకమే ఆ మినహాయింపుకు ఆధారం. రెండవది ఇంకా ఆసక్తికరమైనది, మన విశాఖపట్నంలో జరిగింది. ఉక్కు కర్మాగారపు ప్రహరీ లోపల, కాపలా గేటు దాటి అనుమతి లేనిదే ఎవరూ పోలేని యార్డులో, ఒక కాంట్రాక్టు సంస్థ 36 వాహనాలు తిప్పింది. అవి బయటి రోడ్డెక్కవు గదా, పన్ను ఎందుకన్నది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 ఆగస్టు 29న తీర్పు వచ్చింది. 1963 చట్టంలో "బహిరంగ ప్రదేశం" అన్న మాట ఊరికే పెట్టినది కాదు, రోడ్డు వాడుకున్నందుకు ప్రతిఫలంగా కట్టేదే ఈ పన్ను, రోడ్డు వాడనివాడి దగ్గర వసూలు చేయరాదు అని. కట్టిన 22,71,700 రూపాయలు తిరిగి ఇమ్మన్నది.

ఆ తీర్పును తిరగేసి చదివితే మా కుర్రవాడి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. రోడ్డు ఎక్కనివాడు కట్టనక్కరలేదు. ఎక్కినవాడు కట్టక తప్పదు.

మిగిలిన సగం జవాబు ఇంకా చేదుగా ఉంటుంది. తాత్కాలిక నమోదు గడువు తీరిన బండికి ప్రమాదం జరిగితే సొంత నష్టానికి బీమా ఇవ్వనక్కరలేదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అటువంటి బండి దొంగలపాలైనా అంతేనని 2021లో మరొక కేసులో చెప్పింది. ప్రీమియం కట్టిన కాగితం చేతిలోనే ఉంటుంది, కాని చట్టం దృష్టిలో ఆ బండి రోడ్డు మీద ఉండకూడనిది. జరిమానాలు సరేసరి. మొదటిసారి 2 వేల నుండి 5 వేల వరకు. నమోదుకు దరఖాస్తే పెట్టని యజమానికి జీవితకాలపు పన్నులో మూడోవంతు గాని, ఏడాది పన్నుకు అయిదు రెట్లు గాని, ఏది ఎక్కువైతే అది అని 2019 సవరణ చెబుతున్నది.

ఇవన్నీ నడిపేవాడి కష్టాలు, వాడి ఖర్మ. నా బెంగ వాటి గురించి కాదు. తెల్లవారుఝామున పాలక్యాను పట్టుకుని రోడ్డు దాటే ఆడమనిషిని ఒక నంబరు లేని బండి గుద్ది పోయిందనుకుందాం. ఆమె ఎవరి పేరు చెబుతుంది? ఏ బండో ఆచూకీ తేలకపోతే ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు దక్కుతాయి. 2022 ఏప్రిల్‌కు ముందు అవి 25 వేలు, 12,500 మాత్రమే. బండి ఎవరిదో తెలిస్తే సంపాదననూ వయస్సునూ లెక్కగట్టి ట్రిబ్యునలు ఇచ్చే పరిహారం ముందు ఇది ఏ మూలకు? ఆమెకు రావలసినదానికీ వచ్చినదానికీ మధ్య తేడా అంతా ఆ అట్టముక్కలో ఉన్నది.

కుర్రవాడికి ఈ చరిత్రంతా చెప్పలేదు. "ఒరే, పన్ను వాళ్ళకి కడతావు, నిజమే. కాని నంబరు వాళ్ళ కోసం కాదురా, నీ బండికి ఎదురొచ్చేవాళ్ళ కోసం" అని మాత్రం అన్నాను. నవ్వి, బండి స్టార్టు చేసి వెళ్ళిపోయాడు. వెనుక అట్టముక్క మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయి, షోరూము పేరు కూడా ఇప్పుడు చదవడానికి వీల్లేకుండా ఉన్నది.