‘లిటిల్ విమెన్’ - పాఠకులు నేటికీ విడువని నలుగురు అక్కచెల్లెళ్లు

అమెరికా రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ (1832-1888) రచించిన ‘లిటిల్ విమెన్’ నవల తొలి భాగం 1868 సెప్టెంబరులో బోస్టన్ నగరంలోని రాబర్ట్స్ బ్రదర్స్ సంస్థ ద్వారా వెలువడింది. మలి భాగం 1869 ఏప్రిల్‌లో వచ్చింది. కథ చాలా చిన్నది. తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో సైన్యం వెంట మతబోధకుడిగా వెళ్లాడు. ఇంట తల్లి, మెగ్, జో, బెత్, ఎమీ అనే నలుగురు కుమార్తెలు, నిత్యం వెన్నాడే లేమి, పక్క భవంతిలో లారీ అనే ఒంటరి కుర్రవాడు. ఇంతకు మించి చెప్పుకోదగిన కథాసామగ్రి లేదు. అయినను ఒకటిన్నర శతాబ్దం దాటినా ఈ పుస్తకంపై పాఠకులకు గల మమకారం తరగలేదు.

విచిత్రమేమంటే, రచయిత్రి దీనిని ఇష్టపడి మొదలుపెట్టలేదు. బాలికలకు ఒక కథ కావాలని ప్రచురణకర్త థామస్ నైల్స్ కోరగా, ఇంటి అప్పులు తీర్చే భారం తనపైనే ఉన్నందున ఒప్పుకున్నది. తండ్రి బ్రాన్సన్ ఆల్కాట్ తత్త్వవేత్త, విద్యావేత్త. సంపాదన మాత్రం ఎరుగడు. ఆదర్శ జీవనం కోసం 1843లో ఆయన నెలకొల్పిన ఫ్రూట్‌లాండ్స్ అనే సమష్టి క్షేత్రం ఏడు నెలలకే మూతపడింది. నవలలో తండ్రి దాదాపు కనిపించకపోవడం ఊరక జరిగినది కాదనిపిస్తుంది. లూయిసా అభిరుచి పగలు, ప్రతీకారాలు నిండిన ఉత్కంఠభరిత కథల వైపు ఉండేది. వాటిలో కొన్నింటిని ఎ.ఎం. బార్నార్డ్ అనే మారుపేరుతో అచ్చు వేయించింది. ఆ గుట్టు 1940లలో గాని బయటపడలేదు. ‘లిటిల్ విమెన్’ తొలి అధ్యాయాలు ఆమెకూ, నైల్స్‌కూ చప్పగానే తోచాయి. నైల్స్ ఇంటి పిల్ల చదివి మురిసిపోయిన తర్వాతనే ఆయనకు ధైర్యం కలిగింది. తొలి ముద్రణలోని 2,000 ప్రతులు త్వరలోనే చెల్లిపోయాయి. ప్రతి హక్కును అమ్మివేయక తనవద్దనే ఉంచుకొమ్మని నైల్స్ ఇచ్చిన సలహా ఆల్కాట్ కుటుంబాన్ని శాశ్వతంగా గట్టెక్కించింది.

పాత్రలకు మూలం ఇంటివారే. అక్క ఆనా మెగ్ అయింది; లూయిసాయే జో; చిన్న చెల్లెలు మే ఎమీ అయింది. చిత్రకారిణి అయిన మే తొలి ముద్రణకు బొమ్మలు గీసింది. అవి విమర్శకులకు నచ్చలేదు. బెత్‌కు మూలమైన ఎలిజబెత్, పేద కుటుంబానికి సాయపడే క్రమంలో ఇంటికి చేరిన స్కార్లెట్ జ్వరం వల్ల చిక్కి శల్యమై 1858లో, 22 ఏళ్లకే కన్నుమూసింది. నవల తొలి భాగంలో బెత్ జబ్బుపడి కోలుకుంటుంది. మలి భాగంలోనే మరణిస్తుంది. బ్రిటన్‌లో మలి భాగం ‘గుడ్ వైవ్స్’ అనే వేరే పేరుతో వచ్చింది. కనుక మొదటి పుస్తకంతో ఆగిన పాఠకులకు బెత్ నేటికీ బతికే ఉన్నది.

ఇక అసలు తగవు జో పెళ్లి. తొలి భాగం వెలువడిన కొన్ని వారాలకే బాలికల ఉత్తరాలు వెల్లువెత్తాయి. జో లారీని పెళ్లాడాలని వారి పట్టు. స్త్రీ జీవితానికి పెళ్లి ఒక్కటే గమ్యమా అని విసుగుచెందిన లూయిసా, ఎవరి ముచ్చట కోసమూ ఆ పెళ్లి చేయనని తన దినచర్య పుస్తకంలో రాసుకున్నది. జోను అవివాహిత రచయిత్రిగానే నిలపాలని ఆమె కోరిక. అది సాగనీయరని గ్రహించి, నడివయసు జర్మన్ పండితుడు భాయెర్‌ను తెచ్చి ముడిపెట్టింది. లారీ ఎమీని పెళ్లాడాడు. లూయిసా మాత్రం జీవితాంతం అవివాహితగానే ఉన్నది.

పాఠకులు ఈ నిర్ణయాన్ని నేటికీ క్షమించలేదు. పుస్తకాన్ని విడువనూ లేదు. దీనిని కేవలం ప్రేమకథ చెడిన బాధగా భావించడం పొరపాటు. లారీ ఆ ఇంటి బాల్యానికి తోడు. జో అతనిని చేపడితే బాల్యం చెదరక కొనసాగినట్లుండేది. మెగ్ పెళ్లి కుదిరినప్పుడు జోకు కలిగిన కోపమూ అటువంటిదే. అక్క ఇల్లు విడిచి పోరాదన్నదే ఆమె ఆరాటం. ఒకరి తర్వాత ఒకరు ఆ ఇల్లు వీడుతుంటే ఆపలేకపోవడమే ఈ నవల విషయం. అక్కచెల్లెళ్లతో పెరిగిన వారికి ఇది వివరించనక్కరలేదు.

జోలో తమను చూసుకున్న పాఠకులు ఎందరో. ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా తన ఆత్మకథలో ఈ సంగతి చెప్పుకున్నది. ఎలీనా ఫెరాంటే 2011 నాటి ఇటాలియన్ నవల ‘మై బ్రిలియంట్ ఫ్రెండ్’లో నేపుల్స్ పేటకు చెందిన ఇద్దరు పేద బాలికలు ఈ పుస్తకాన్నే కొని, అరిగిపోయేదాకా కలిసి చదువుతారు. జపాన్‌లో 1987లో 48 భాగాల బొమ్మల ధారావాహికగా ప్రసారమైంది. హాలీవుడ్ 1933, 1949, 1994 సంవత్సరాలలో తీసిన చిత్రాలు ప్రసిద్ధాలు. గ్రేటా గెర్విగ్ 2019లో తీసిన చిత్రం రెండు మేళ్లు చేసింది. అందరూ నిందించే ఎమీకి న్యాయం చేసింది. జో పెళ్లి ప్రచురణకర్త ఒత్తిడి వల్ల కలిగిన ముగింపు కావచ్చునని సూచించింది.

పాత ప్రతులు సేకరించేవారు గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. 1880 నాటి సచిత్ర ముద్రణలో పాఠాన్ని దిద్దారు. అమ్మాయిల మొరటు మాటలు తగ్గాయి. బొద్దుగా ఉన్న తల్లి హుందాగా, పొడవుగా మారింది. జో ఎత్తే ఉన్న లారీ ఆమెను మించాడు. చాలాకాలం లోకమంతా చదివినది ఈ దిద్దిన పాఠమే. మొదటి పాఠమే ఎక్కువ సజీవమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

లూయిసా ఈ నవల రాసిన ఆర్చర్డ్ హౌస్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్ పట్టణంలో ఉన్నది. 1912 నుండి సందర్శనశాలగా నడుస్తున్నది. ఆమె రాసుకున్న చిన్న బల్ల, మే గోడలపై గీసిన బొమ్మలు అక్కడ పదిలంగా ఉన్నాయి. నవలలోని ఇంటిని చూడాలని పాఠకులు అక్కడికే వెళతారు. ఎలిజబెత్ మాత్రం ఆ ఇంట ఒక్కనాడూ నివసించలేదు. ఆమె పోయిన కొన్ని నెలలకు గాని కుటుంబం అందులో చేరలేదు.