మహమ్మద్‌నగర్ ప్రాంత గ్రామవాసులు - రెవెన్యూ దస్త్రముల సాక్ష్యము

ఒక గ్రామమున నూరేండ్ల క్రిందట ఎవరెవరు నివసించిరి? ఈ ప్రశ్న పైకి సులభముగనే తోచును. కాని సమాధానము వెదకబోయిన పరిశోధక విద్యార్థి కొలది దినములలోనే నిరుత్సాహముతో తిరిగి వచ్చుట మేము పలుమారులు చూచితిమి. కోస్తా, రాయలసీమ గ్రామములలో పెక్కింటికి మెకంజీ సేకరింపించిన కైఫియత్తులు కలవు. తెలంగాణ గ్రామములకు ఆ భాగ్యము చాలవరకు లేదు. దేవాలయ శాసనము దాతను చెప్పును, రాజును చెప్పును. ఆ ఊరి నీరడిని గాని కుమ్మరిని గాని చెప్పుట అరుదు. కనుక సామాన్య గ్రామవాసిని వెదకువారికి మిగిలిన ప్రధానాధారము ప్రభుత్వ దస్త్రములే. వానిని ఎట్లు చదువవలయునో, అవి ఎవరిని దాచునో, కామారెడ్డి జిల్లాలోని మహమ్మద్‌నగర్ ప్రాంతమును దృష్టియందుంచుకొని ఇచట విచారింతుము.

ముందుగా మా పొరపాటు నొకదానిని చెప్పుకొనుట న్యాయము. సిద్ధాంత వ్యాసరచన కాలమున మేమొక గ్రామపు ఖాస్రా పహాణీనుండి పట్టాదారుల పేర్లన్నియు ఎత్తి వ్రాసికొని, 'గ్రామ నివాసులు' అని శీర్షిక పెట్టితిమి. ఆ ఊరి వృద్ధుడొకడు ఆ పట్టికను చదివించుకొని విని, ఇందులో సగముమంది ఈ ఊరి నీరు త్రాగినవారు కారని నవ్వెను. పట్టాదారు పట్టణమున నుండవచ్చును. ఊరిలో పుట్టి ఊరిలో గతించినవానికి పట్టాయే లేకపోవచ్చును. రెవెన్యూ దస్త్రము భూమిని గూర్చి పుట్టినది. మనుష్యుడు అందులో శిస్తు చెల్లించువాడుగనే ప్రవేశించును.

ఇక ఆ దస్త్రముల పుట్టుక. మొదటి సాలార్‌జంగు ప్రధానిగ నున్న కాలమున, 1865 ప్రాంతమున, జిల్లాబందీ ఏర్పడెను. తరువాతి దశకమున సర్వే, బందోబస్తు పనులు ఆరంభమైనవి. బందోబస్తు ముగిసిన గ్రామమునకు సేత్వారు అను మూలపట్టిక తయారగును. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు అందుండును. పిదప జరిగిన మార్పులు ఏటేట ఫైసల్ పట్టీ కెక్కును. సేత్వారు ఒకనాటి చిత్రమైనచో, ఫైసల్ పట్టీ ఏండ్ల తరబడి నడచిన కథ. విద్యార్థులు మొదటిదానికై పరుగెత్తుదురు. రెండవదానిని తెరచువారు తక్కువ. మా అనుభవమున కుటుంబచరిత్రకు రెండవదియే ఎక్కువ ఫలము నిచ్చినది. పట్టాదారు మరణించినపుడు జరుగు విరాసత్ విచారణలో వారసుల పేర్లు, వారి బాంధవ్యము, సాక్షుల వాఙ్మూలములు చేరును. ఒక్కొక్క విరాసత్ మిసిలు మూడు తరముల వంశవృక్షమునకు సరిపోవును. ఇనాము భూములకు ఇట్టి ప్రయోజనమే ముంతఖబు వలన సిద్ధించును. ఇనాము ఎవరి పేర ఎట్లు సంక్రమించెనో అందు కనుగొనవచ్చును.

ఈ దస్త్రములను చదువుటకు మూడు చిక్కులు గలవు. మొదటిది లిపి. 1880ల దశకమున నిజాము ప్రభుత్వపు అధికార భాష పారసీకమునుండి ఉర్దూకు మారినది. వ్రాత తరచు శికస్తా. అంకెలు పలుచోట్ల రకమ్ లిపిలో నుండును. తెలుగు పేర్లు ఆ లిపిలో కొంత రూపము కోల్పోవును. ఎల్లయ్య, ఐలయ్య అను రెండు పేర్లు ఒకే తీరున వ్రాయబడుట ఎంత సులభమో ఉర్దూ అక్షరములెరిగినవారు గ్రహింపగలరు. ఇంటిపేరు తరచుగ నుండదు. 'వల్ద్' అని తండ్రి పేరు మాత్రముండును. కావున ఒక్క పేరు దొరికినంతనే మనిషి దొరికెనని తలపరాదు. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు - ఈ మూడును కలిసినపుడే గుర్తింపు నిలుచును.

రెండవ చిక్కు కాలగణనము. దస్త్రములలో ఫసలీ సంవత్సరములుండును. హైదరాబాదు రాజ్యమున ఫసలీ అజూరు మాసముతో, అనగా అక్టోబరు మొదటి వారముతో ఆరంభమగుచుండెను. కావున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు 590 కూడవలెను, జనవరినుండి 591. తరువాతి కాలమున ఫసలీ జూలై 1తో ఆరంభమగునట్లు మారినది. ఈ మార్పు నెరుగని వ్యాసములలో ఒకే సంఘటనము రెండు సంవత్సరములలో జరిగినట్లు కనిపించుట కలదు.

మూడవది సరిహద్దు. నేడు ప్రత్యేక మండల కేంద్రమైన మహమ్మద్‌నగర్ అంతకుముందు నిజాంసాగరు మండలములోనిది. మండలములన్నవి 1985లో తాలూకాల స్థానమున వచ్చినవి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడువరకు ఈ ప్రాంతము నిజామాబాదు జిల్లాలో నుండెను. ఆ నిజామాబాదుకే 1905కు పూర్వము ఇందూరని పేరు. సమీపముననున్న జుక్కల్, బిచ్కుంద ప్రాంతములు 1956 వరకు నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోనివి. ఆ గ్రామముల పాత కాగితములకై వెదకువారు మరాఠీ వ్రాతకు సిద్ధపడవలెను. పైగా మహమ్మద్‌నగర్ అను పేరుగల ఊళ్లు తెలంగాణమున ఒకటి కాదు. ఏ యేట ఏ తాలూకా, ఏ జిల్లా అను పట్టికను ముందుగ వ్రాసికొననివాడు పొరుగు జిల్లా గ్రామపు కట్టను తెరచి కూర్చుండుట నిశ్చయము.

ఇక 1948 తరువాతి దస్త్రములు. 1358 ఫసలీ నాటి హక్కుల రికార్డు నిబంధన ననుసరించి 1954-55లో ఖాస్రా పహాణీ తయారైనది. దానిని వెన్నంటి 1955-58కి సేసాలా పహాణీ వచ్చినది. జనులు దీనిని 'చేసాల' యందురు. 'సే సాల్' అనగా పారసీకమున మూడేండ్లు. పట్టాదారు గడి ప్రక్కనే కబ్జాదారు గడి యుండుట ఖాస్రా పహాణీ విశేషము. ఆ రెండు గడులలో ఒకే పేరున్నచోట చరిత్రకారునికి పనిలేదు. రెండు పేర్లున్నచోటనే ఆగవలెను. భూమి ఒకరిది, కష్టము మరొకరిది అను విషయము అచట సర్వే నంబరుతో సహా తెలియును.

దీనికి తోడుగ చదువవలసినది రక్షిత కౌలుదారుల పట్టిక. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము ననుసరించి, నిర్ణీతకాలము వరుసగ సాగుచేసిన కౌలుదారుల పేర్లు అందు నమోదైనవి. ఏ శాసనమునను, ఏ కైఫియత్తునను పేరు కెక్కని కుటుంబములు అచట మొదటిసారి అక్షరరూపము దాల్చినవి. అయితే పట్టికలో చేరకముందే నేలనుండి తొలగింపబడినవారును గలరు. కౌలుదారుల పట్టికలో ఒక పేరుండి, 1954-55 పహాణీలో ఆ నంబరు కెదురుగ అది లేకున్నచో, నడుమ నేమి జరిగెనని అడుగవలెను. ఆ ప్రశ్న కేవలము విద్యావిషయకము కాదు. ఆ కాగితములను ముందుంచుకొని నేటికిని న్యాయస్థానములలో వ్యాజ్యములు నడచుచున్నవి.

మహమ్మద్‌నగర్ పరిసరములలో ఈ విచారణకు మరియొక ముఖము కలదు. మంజీరపై అచ్చంపేటకడ 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఈ సీమ జనసంఖ్య నడకనే మార్చివైచినది. ప్రధాన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. ఆయకట్టు సుమారు 2,75,000 ఎకరములుగ నిర్ణయింపబడెను; జలాశయమునకై నలుబదికి పైబడిన గ్రామములు ఖాళీ అయినవని చెప్పుదురు. కట్టకు దిగువను కాలువనీరు పారిన మేర కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని స్థిరపడిరి. 'క్యాంపు' అను పేరుతో నేటికిని నిలిచియున్న పల్లెలు వారివే. నీరు కొందరిని వెడలగొట్టినది, కొందరిని రప్పించినది. వచ్చినవారు క్రయదస్తావేజులలో, ఫైసల్ పట్టీలలో స్పష్టముగ కనిపింతురు. రిజిస్ట్రేషను కార్యాలయపు మొదటి పుస్తకము, దాని సూచికలు ఎవరైనను రుసుము చెల్లించి చూడవచ్చును. వెడలినవారి సంగతి అట్లు కాదు. 1309 ఫసలీ నాటి భూసేకరణ చట్టము క్రింద పరిహారము పొందినవాని పేరు కాగితమున నుండును. భూమి లేని చాకలి, మంగలి, కూలి, ఏటి పడవవాడు పరిహారమునకు అర్హుడు కాడు గనుక కాగితమునకును అర్హుడు కాలేదు. మునిగిన ఊరి సేత్వారు దొరికినను అందు పొలములు దొరకును గాని ఇండ్లు దొరకవు.

ఇండ్ల మాట వచ్చినది గనుక ఒక సంగతి. నిలిచియున్న ఊళ్లలోను గ్రామకంఠమునకు పహాణీలో వ్యక్తుల పేర్లుండవు. జనము నివసించు నేలయే దస్త్రమున ఖాళీగ నుండును! దానిని పూరించునది పంచాయతీ ఇంటిపన్ను పుస్తకము. పాతవి అన్ని ఊళ్లలో నిలువలేదు. ఓటర్ల జాబితా ఇంటి సంఖ్యలవారీగ నుండుటచే ఎక్కువ ఉపయోగకరము. స్త్రీలను గూర్చి మాత్రము జాగ్రత్త యవసరము. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల కాలమున దేశమున సుమారు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి అని మాత్రమే నమోదగుటచే జాబితాలనుండి తొలగింపబడిరి. ఇది ఉత్తరాది రాష్ట్రములలో అధికము. అయినను పేరు లేకుండుట మనిషి లేకుండుటగ నెంచరాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

జనాభా లెక్కలపై ఆశపెట్టుకొనువారు పెక్కురు. హైదరాబాదు రాజ్యమున మొదటి లెక్కలు 1881లో జరిగినవి. అవి సంఖ్యలకు ఉపయోగించును, పేర్లకు కాదు. 1948 నాటి చట్టము 15వ విభాగము వ్యక్తిగత నమోదులను ఎవరికిని చూపరాదని శాసించుచున్నది. ఈ కట్టుబాటును మేము తప్పుపట్టము. బ్రదికియున్నవారి ఇంటి సంఖ్యను, భూమి తగవును పరిశోధన పేరిట అచ్చువేయుట మాకు సమ్మతము కాదు. మా విద్యార్థులు గడచిన రెండు తరములవారికి ఇవతల పేర్లను మార్చి వ్రాయుట వాడుక.

దస్త్రములు ఎచట నున్నవి? పైస్థాయి కాగితములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారమున, గ్రామస్థాయివి తహసీలు కార్యాలయములందు, సర్వే పటములు సర్వే శాఖయందు వెదకవలెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము వలన నకళ్లు కోరుట సులభమైనది. అయినను ఒక కార్యాలయమున మూడుదినములు కూర్చున్న పిదప, కావలసిన కట్ట చెదలపాలైనదని మాకు చెప్పిరి. ఆ కట్టయే మరుసటి యేట మరియొకనికి దొరికినది.

1984లో పటేలు పట్వారీల పదవులు రద్దయినపుడు లెక్కలన్నియు కచ్చేరికి చేరలేదు. కొన్ని మూటలు ఇండ్ల అటకలమీదనే మిగిలినవి. 2017లో ఆరంభమైన భూరికార్డుల ప్రక్షాళన తరువాతి పట్టికలలో అనుభవదారు గడి లోపించినది. 2020లో వచ్చిన ధరణియందును అది లేకపోయెను. ఖాస్రా పహాణీనాటినుండి అరువది యేండ్లకు పైగ పట్టాదారు ప్రక్కన రెండవ పేరునకు చోటిచ్చిన గడి అది. మహమ్మద్‌నగర్ ప్రాంతమున పనికి పూనుకొను విద్యార్థికి మా సూచన యేమనగా: మొదట 2017కు పూర్వపు పహాణీలను వరుసగ సేకరించి ఆ గడిలోని పేర్లను ఎత్తి వ్రాయుము. పిదప వానిని తీసికొని ఆ ఊరికి పొమ్ము. ఆ పేర్లెరిగిన వృద్ధులు ఇంకను కొందరు మిగిలియున్నారు.