పిల్లల హోంవర్కు: తల్లిదండ్రుల సాయం ఎంతవరకు?

పాఠశాలలో నేర్చుకున్నదాన్ని విద్యార్థి ఇంటివద్ద తనంతట తాను సాధన చేయడానికి ఉపాధ్యాయులు అప్పగించే పనే హోంవర్కు. విద్యార్థికి ఏది అర్థమైందో, ఏది కాలేదో ఉపాధ్యాయునికి తెలిపే సాధనం కూడా ఇదే.

నేపథ్యం

చదువుల భారాన్ని పరిశీలించేందుకు కేంద్ర ప్రభుత్వం 1992లో ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన కమిటీని నియమించింది. పుస్తకాల సంచి బరువు కన్నా అర్థంకాని చదువు మోపే భారమే ఎక్కువ హానికరమని ఆ కమిటీ 1993లో తన నివేదికలో పేర్కొంది.

ఎంత సమయం?

కేంద్ర విద్యాశాఖ రూపొందించిన పాఠశాల సంచి విధానం-2020 ప్రకారం:

• 1, 2 తరగతులకు హోంవర్కు ఉండరాదు.
• 3 నుంచి 5 తరగతులకు వారానికి 2 గంటలు మించరాదు.
• 6 నుంచి 8 తరగతులకు రోజుకు గంట మించరాదు.
• 9వ తరగతి నుంచి రోజుకు 2 గంటలు మించరాదు.

సాయం, స్వాధీనం

తల్లిదండ్రులే లెక్కలు చేసిపెట్టినా, ప్రాజెక్టులు తయారుచేసి ఇచ్చినా నోటుపుస్తకంలో తప్పులు కనిపించవు. దాంతో పిల్లవాడు తడబడుతున్న చోటు ఉపాధ్యాయుని దృష్టికి రాకుండా పోతుంది. ఆ లోపం పై తరగతులకూ కొనసాగుతుంది.

జవాబు చెప్పడానికి బదులు ప్రశ్న అడగడం మేలు. ఉదాహరణకు, 52లో నుంచి 27 తీసివేసి 35 అని రాసిన విద్యార్థిని, జవాబుకు 27 కలిపి చూడమనాలి. 62 రావడంతో తప్పు జరిగిందని విద్యార్థికే తెలుస్తుంది. ఒకట్ల స్థానంలో 2లో నుంచి 7 తీయడానికి బదులు 7లో నుంచి 2 తీసిన సంగతిని తానే పట్టుకోగలుగుతాడు. అప్పటికీ అర్థంకాకపోతే, ఆ లెక్కను అలాగే వదిలి ఉపాధ్యాయునికి తెలియజేయడం మంచిది.

చదువురాని తల్లిదండ్రులు

అక్షరాలు రాకపోయినా తల్లిదండ్రులు ఈ బాధ్యత నిర్వహించగలరు. నిర్ణీత వేళకు, వెలుతురున్న చోట పిల్లలను కూర్చోబెట్టి, టీవీ కట్టేసి, దగ్గర ఉంటే చాలు. పాఠాన్ని పైకి చదివించుకుని, ఇంటిభాషలో వివరించమని అడగాలి. అర్థమైన పాఠాన్ని పిల్లలు తమ మాటల్లో చెప్పగలుగుతారు, బట్టీపట్టినదైతే తడబడతారు. సంత లెక్కలు, పొలం కొలతలు, బియ్యం తూకాలు గణితానికి సహజమైన అభ్యాసాలు.

హోంవర్కు తరచూ నిర్ణీత సమయాన్ని మించుతుంటే రాత్రి నిద్ర తగ్గించి పూర్తిచేయించడం పరిష్కారం కాదు. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలోగాని, తరగతి ఉపాధ్యాయునితోగాని ఈ విషయం చర్చించవచ్చు.