దీపం వెలుగులో ఒక బొమ్మ

మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక, దేవుడి పటం ముందు కూర్చుని తనలో తాను పాట కట్టి పాడుకునే పెద్దావిడ మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. “పాపం, కాలక్షేపం!” అనుకుంటాం. ఆ కాలక్షేపమే మనిషిని నిలబెట్టగలదని విట్టోరియా కొలొన్నా కథ చదివాక గాని నాకు తెలిసిరాలేదు.

విట్టోరియా ఇటలీలో గొప్పింటి బిడ్డ. ఊహ తెలియని వయసులోనే పెద్దలు సంబంధం ఖాయం చేసేశారు. 1509లో ఇస్కియా దీవిలో ఫెర్రాంతే దావలోస్‌తో పెళ్ళయింది. ఆయనకు యుద్ధాలే లోకం. 1512లో రవెన్నా దగ్గర శత్రువులకు పట్టుబడితే, ఆవిడ ఆయనకు పద్యాల్లో ఉత్తరం రాసింది. మగవాళ్ళు కీర్తి కోసం వెళ్ళిపోతారు, ఇంట్లో ఆడవాళ్ళకు మిగిలేది దిగులేనని అందులో నిష్ఠూరమాడింది.

1525లో పావియా యుద్ధంలో గాయపడిన భర్త, ఆ ఏడాది చివర్లో మిలాన్‌లో పోయాడు. చూడాలని బయలుదేరిన ఆవిడకు దారిలోనే కబురందింది. పిల్లలు లేరు. రోమ్‌లో కన్యస్త్రీల మఠంలో చేరిపోదామంటే, దీక్ష ఇవ్వడానికి వీల్లేదన్నాడు పోప్ ఏడవ క్లెమెంట్. సంసారమూ లేదు, సన్యాసమూ లేదు. ఇహ మిగిలింది కలం!

మొదట్లో ఆ కలం భర్త కోసమే ఏడ్చింది. 1538లో పద్యాలు పుస్తకంగా అచ్చయ్యాయి, అదీ ఆవిడ అనుమతి లేకుండానే.

ఆ రోజుల్లోనే మైకెలాంజెలోతో స్నేహం కుదిరింది. అప్పటికే అరవై దాటిన ఆ మహాశిల్పి ఆవిడ కోసం ప్రత్యేకంగా బొమ్మలు గీసిచ్చాడు. శిలువ మీది క్రీస్తు బొమ్మ అందగానే ఆవిడ ఏం చేసిందో తెలుసా? దీపం దగ్గర పెట్టి చూసింది, భూతద్దంతో చూసింది, అద్దంలో చూసింది. తనివి తీరక ఆ సంగతి ఆయనకే రాసింది.

ఇంకో బొమ్మలో మరియమ్మ ఉంది. పాతికేళ్ళయినా నిండకముందు మైకెలాంజెలో చెక్కిన పాలరాతి విగ్రహంలో ఆ తల్లి చనిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంటుంది. విట్టోరియాకిచ్చిన బొమ్మలో మాత్రం రెండు చేతులూ చాచి ఆకాశంలోకి చూస్తుంది. దుఃఖం అదే, తల మాత్రం పైకి లేచింది.

విట్టోరియా కవిత్వమూ అలాగే తలెత్తింది. పోయిన భర్తను వదిలి దైవంవైపు తిరిగింది. కొడుకు శవం దగ్గర కూర్చున్న మరియమ్మ వేదన గురించి వచనంలోనూ రాసింది. లూకా గీశాడని చెప్పుకునే మరియమ్మ పటం మీద పద్యం రాస్తూ, చిత్రకారుడి మనసులో నిండినదంతా చేతిలోకి దిగిరాలేదంది. ఆ మాట అనడానికి ఎంత చూసి ఉండాలి! 1540 ప్రాంతంలో నూటమూడు పద్యాలు రాయించి మైకెలాంజెలోకు కానుకిచ్చింది. ఆ ప్రతి ఇప్పటికీ వాటికన్ గ్రంథాలయంలో ఉంది.

1547లో ఆవిడ కన్నుమూసింది. ఆఖరి ఘడియల్లో చేతిని తప్ప నుదుటిని ముద్దాడలేకపోయానని మైకెలాంజెలో తర్వాత బాధపడ్డాడట.

దుఃఖం పోగొట్టే బొమ్మ ఎవరూ గీయలేరు. కాని బొమ్మను చూస్తూ చూస్తూ మన దుఃఖాన్ని కాస్త దూరంగా పెట్టి చూడటం అలవాటవుతుంది. అప్పుడు దానికి మాటలొస్తాయి. ఈసారి పటం ముందు కూర్చున్న పెద్దావిడను చూస్తే కాలక్షేపమనకండి. పక్కన కూర్చుని ఆ పాట కాగితం మీద రాసిపెట్టండి.