ఆదోని – ఎమ్మిగనూరు ప్రాంత గృహనిర్మాణ పదజాలం: భవన రూపకల్పన సాఫ్ట్‌వేరు లైబ్రరీలతో పొంతన

ప్రవేశిక

భవన రూపకల్పన ఇప్పుడు ఎక్కువగా కంప్యూటరు మీద జరుగుతున్నది. ఈ పనికి వాడే సాఫ్ట్‌వేరులో తలుపు, కిటికీ, దూలం, మెట్లు వంటి ఇంటి భాగాల నమూనాలు ముందుగానే తయారై ఉంటాయి. వీటి సముదాయాన్ని లైబ్రరీ అంటారు. రూపకర్త ప్రతి భాగాన్నీ కొత్తగా గీయడు. లైబ్రరీ నుంచి తీసుకొని కొలతలు మార్చి అమరుస్తాడు. ప్రతి నమూనాకూ ఒక పేరు, కొన్ని లక్షణాలు ఉంటాయి. ఆ పేర్లు దాదాపు ఎల్లప్పుడూ ఆంగ్లంలోనో మరో ఐరోపా భాషలోనో ఉంటాయి. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ఇంటి పదజాలాన్ని ఈ లైబ్రరీల పక్కన పెట్టి చూస్తే రెండింటి మధ్య ఎడం అనువాదంతో మాత్రమే తీరేది కాదని తెలుస్తుంది. ఆ ఎడం స్వరూపాన్ని నిర్ణయించడం, తెలుగు వృత్తి పదకోశ సంప్రదాయంలో దానికి ఉన్న పరిష్కారాన్ని గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

పదజాలపు పొరలు

ఆదోని చరిత్ర అనేక భాషల కలయిక. విజయనగర కాలంలో ముఖ్యమైన దుర్గంగా ఉన్న ఈ పట్టణం తరువాత బీజాపూరు సుల్తానుల వశమైంది. 17వ శతాబ్దంలో బీజాపూరు పక్షాన ఆదోనిని పాలించిన సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ నిలిచి ఉంది. ఆ శతాబ్దం చివర ఈ దుర్గం మొగలుల చేతికి, ఆపై నిజాం వంశీయుల చేతికి వచ్చింది. 1800లో దత్తమండలాలతో పాటు ఆంగ్లేయులకు సంక్రమించింది. ఆంగ్లేయుల పాలనలో ఆదోని బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. మొదటి రెండూ కర్నూలు జిల్లాలో భాగమయ్యాయి.

ఈ చరిత్ర ఇంటి మాటల్లో కనిపిస్తుంది. రాయలసీమలో ఇల్లు కట్టే పనిని ‘బేల్దారి పని’ అంటారు. పార్సీలో ‘బేల్’ అంటే పార, ‘దార్’ అంటే పట్టినవాడు. కోస్తాలో ఇదే పని ‘తాపీ పని’. పెద్ద పనివాణ్ని పిలిచే ‘మేస్త్రి’ పోర్చుగీసు నుంచి వచ్చింది. వంపు కట్టడానికి ‘కమాను’, కోట గోడలోని గుండ్రని కట్టడానికి ‘బురుజు’ పార్సీ, అరబ్బీ మూలాల మాటలు. కిటికీ మీద ఎండవానలు ఆపే పలక ‘సజ్జా’ హిందుస్తానీ నుంచి వచ్చింది. కన్నడంతో ఉన్నది అరువు సంబంధం మాత్రమే కాదు, సోదరభాషా సంబంధం కూడా. ‘వాకిలి’కి ‘బాగిలు’, ‘దంతె’కు ‘జంతె’ కన్నడంలో సాటి మాటలు. ‘అంకణం’ రెండు భాషలకూ ఉమ్మడి. ఇటీవలి పొర ఆంగ్లం: స్లాబు, పిల్లరు, లింటెలు.

ఇన్ని భాషల మాటలు కలిసినా పని ఆగలేదు. ప్రతి మాటా ఒక వస్తువుతోనో, ఒక పనివాడితోనో వచ్చింది. కొత్త మాట వచ్చినప్పుడు దాని అర్థం పని జరిగే చోటనే, వస్తువును ఎదుట పెట్టుకొని నిర్ణయమయ్యేది. సాఫ్ట్‌వేరు లైబ్రరీ ఈ పద్ధతికి భిన్నం. అక్కడ పేరు, అర్థం, ఆకారం ముందే ముడిపడి వస్తాయి. పనివాడికి ఆ ముడిని మార్చే వీలు లేదు.

లైబ్రరీలో పేరు చేసే పని

1982లో వెలువడిన ఆటోకాడ్ ప్రధానంగా గీతల సాఫ్ట్‌వేరు. దానిలో తలుపు కొన్ని గీతల కూర్పు మాత్రమే. పేరు తప్పయినా బొమ్మ సరిగానే ఉంటుంది. దాని ఆదేశాలు అనేక భాషల్లోకి మారినప్పుడు ఒక చిక్కు వచ్చింది: ఒక భాషలో రాసిన ఆదేశాల వరుస మరో భాషా ప్రతిలో పని చేయదు. ఆంగ్ల ఆదేశం ముందు కింది గీత చేరిస్తే ఏ భాషా ప్రతిలోనైనా చెల్లేట్టు ఏర్పాటు చేసి దాన్ని తప్పించారు. వాడుకరికి కనిపించే పేరు వేరు, యంత్రం గుర్తించే పేరు వేరు అన్న సూత్రం ఇందులో ఉంది.

2000లో వచ్చిన రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్లలో పేరుకు మరింత పని ఉంది. అక్కడ తలుపు గీతల కూర్పు కాదు, వెడల్పు, ఎత్తు, చెక్క రకం, ధర వంటి లక్షణాలున్న వస్తువు. సాఫ్ట్‌వేరు సొంత లక్షణాలు వాడుకరి భాషలో కనిపిస్తాయి. నమూనా తయారుచేసినవాడు చేర్చిన లక్షణాలు మాత్రం అతని భాషలోనే ఉండిపోతాయి. ఫ్రెంచి లైబ్రరీ తలుపునూ ఆంగ్ల లైబ్రరీ తలుపునూ ఒకే భవనంలో అమరిస్తే, అటువంటి లక్షణాలు పట్టికలో రెండు వేరు వరుసలుగా పడతాయి. మనిషికి రెండూ వెడల్పే అయినా యంత్రానికి వేరు. తెలుగుకు ఈ మాత్రం స్థానం కూడా లేదు. ఈ రెండు సాఫ్ట్‌వేర్లకూ తెలుగు ప్రతులు లేవు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, ఆటోకాడ్ పాత గీతల అక్షరాల్లో తెలుగు రాస్తే అక్షరాల చోట ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి.

పొంతన కుదరని మూడు చోట్లు

మొదటిది ‘వాకిలి’. కోస్తా వాడుకలో వాకిలి ఇంటి ముందరి ఖాళీ స్థలం. రాయలసీమలో అది ద్వారం, తలుపు కూడా. ‘వాకిలి వెయ్యి’ అంటే తలుపు మూయమని. కన్నడ ‘బాగిలు’ అర్థం కూడా ఇదే. లైబ్రరీలోని ‘డోర్’కు తెలుగు పేరు పెట్టాలంటే ఏ ప్రాంతపు పేరన్నది మొదటి ప్రశ్న. ఒకే వస్తువుగా లైబ్రరీ ఎంచేదాన్ని తెలుగు నాలుగుగా విడదీస్తుందన్నది రెండోది: నిలబెట్టే చట్రం ద్వారబంధం, కింది అడ్డుచెక్క గడప, తెరిచి మూసేది తలుపు, మనిషి దాటే చోటు గుమ్మం.

ఈ విభజన మాటల సంపదకు సంబంధించింది మాత్రమే కాదు, అది పని వరుసకు సంబంధించింది. సంప్రదాయ నిర్మాణంలో మంచి రోజు చూసి, పూజ చేసి ద్వారబంధం ముందుగా నిలబెడతారు. గోడ దాని చుట్టూ లేస్తుంది. తలుపు చాలాకాలం తరువాత వస్తుంది. రెవిట్‌లో తలుపు గోడను ఆశ్రయించిన భాగం. గోడ గీయనిదే తలుపు అమర్చడం కుదరదు. గోడ తొలగిస్తే తలుపూ పోతుంది. అంటే వ్యవహారంలో గోడకు ముందున్నది లైబ్రరీలో గోడకు వెనుక పడింది. ‘డోర్’ను ‘తలుపు’ అని అనువదించినంత మాత్రాన ఈ తేడా పోదు.

రెండోది మిద్దె. దూలాల మీద దంతెలు, దంతెల మీద చెక్కలో బండలో పరిచి, మట్టి వేసి, పైన చౌడు పోసి కట్టే చదరపు కప్పు రాయలసీమ ఇంటి గుర్తు. చౌడు నీటిని లోపలికి ఇంకనివ్వదు. వానలకు ముందు దాన్ని మళ్లీ వేసుకుంటారు. సంస్కృతంలో గోడ కిటికీ అయిన గవాక్షం ఇక్కడ ‘గవాచి’గా మారి కప్పులోని రంధ్రానికి పేరైంది. వెలుతురు రావడానికి, పొగ పోవడానికి అదే దారి. వాన వస్తే బండతో మూస్తారు. లైబ్రరీలో దీనికి దగ్గరగా ఉన్నది అద్దం బిగించిన కప్పు కిటికీ. దానికి పొగతో పని లేదు. ఇంటి పరిమాణాన్ని చెప్పే ‘అంకణం’ కథ మరింత విలక్షణం. అది రెండు దూలాల మధ్య ఎడం. ఇంటిని ఇన్ని అంకణాలని లెక్కిస్తారు. నెల్లూరు, తిరుపతి ప్రాంతాల్లో అదే స్థలం కొలతగా స్థిరపడింది. భాగాలను వస్తువులుగా దాచే లైబ్రరీలో, వస్తువు కాక వస్తువుల మధ్య దూరమైన అంకణానికి తావు దొరకదు.

మూడోది మగ్గం గుంట. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన ఊరు. మాచాని సోమప్ప పూనికతో 1938లో అక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. గుంట మగ్గం నేసేవారు ఇంటి నేలలో తవ్విన గుంటలో కాళ్లు ఉంచి, తొక్కుడు కర్రలు ఆడిస్తూ నేస్తారు. ఆ గుంట ఇంటిలో భాగం. దాన్ని బట్టే వెలుతురు వచ్చే దిశ, నడిచే దారి, నూలు చాచే చోటు నిర్ణయమవుతాయి. సాఫ్ట్‌వేరులో గుంట అన్నది ఎక్కువగా లిఫ్టుకు చెందిన మాట. నేతకారుల ఇళ్ల పథకాన్ని సిద్ధ లైబ్రరీతో గీస్తే ఈ గుంట పటంలోకి రాదు. పటంలో లేనిది అంచనా వ్యయంలోకీ రాదు. మాట లేకపోవడం ఇక్కడ జీవనోపాధికి స్థలం లేకపోవడంగా పరిణమిస్తుంది.

వృత్తి పదకోశం చూపిన దారి

ఇటువంటి చిక్కును తెలుగు భాషాశాస్త్రం కంప్యూటరుకు ముందే ఎదుర్కొన్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలు, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వెలువడింది. వాస్తు పదాల సంపుటాన్ని బూదరాజు రాధాకృష్ణ కూర్చారు. పనివారిని అడిగి మాటలు సేకరించడం, ఒకే వస్తువుకు ప్రాంతాల వారీగా ఉన్న పేర్లను గుర్తించి చూపడం ఈ కోశాల పద్ధతి. ఏ మాటనూ ప్రామాణికమని ఎంచి మిగిలినవాటిని వదిలివేయలేదు. తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించి చూడడానికి ఆధారం ఈ సామగ్రి నుంచే వచ్చింది.

భవన సమాచార రంగం తరువాత చేరుకున్న సూత్రం దీనికి సన్నిహితమైనది. 2007లో వెలువడిన ఐఎస్ఓ 12006-3 ప్రమాణం ప్రకారం ప్రతి భావనకూ భాషతో నిమిత్తం లేని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. వివిధ భాషల పేర్లు దానికి జతపడతాయి. బిల్డింగ్‌స్మార్ట్ సంస్థ నిర్వహించే నిఘంటువుకు ఆధారం ఇదే. పని చోట ఈ పద్ధతి అపరిచితం కాదు. పటంలో ‘డి-1’, ‘డబ్ల్యూ-2’ అన్న గుర్తులను చూసి బేల్దారి పనివారు తమ మాటల్లోనే దాన్ని చెప్పుకుంటారు.

అయితే గుర్తింపు సంఖ్య పేర్ల తేడాను తీరుస్తుందే కాని భావనల తేడాను తీర్చదు. ‘డోర్’ అన్న ఒక్క సంఖ్య కింద ద్వారబంధం, గడప, తలుపు, గుమ్మం అన్న నాలుగు మాటలనూ చేరిస్తే అవి పర్యాయపదాలుగా కనిపిస్తాయి. తెలుగు మాటలను ఆంగ్ల భావనల కింద సర్దడం కాక, తెలుగు భావనలకే వేరు సంఖ్యలు కోరడం అవసరం.

ముగింపు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ఇంటి పదజాలంలో ఐదారు భాషలు ఇమిడిపోయాయి. కాబట్టి పరభాషా పదం రావడం ఇక్కడ సమస్య కాదు. వస్తువును ఎదుట పెట్టుకొని అర్థం నిర్ణయించుకునే అవకాశం పోవడమే సమస్య. దీనికి కావలసిన సామగ్రిని సమకూర్చగలిగినవి తెలుగు శాఖలే. ప్రతి మాటకూ పేరు, ప్రాంతం, అర్థపరిధితో పాటు పని వరుసలో దాని స్థానాన్ని, దానికి ఆధారమైన భాగాన్ని కూడా నమోదు చేయాలి. వృత్తి పదకోశపు ఆరోపాలకు ఈ రెండూ చేరితే అది సాఫ్ట్‌వేరు లైబ్రరీకి నేరుగా ఉపయోగపడుతుంది. స్లాబు ఇళ్లు పెరిగిన కొద్దీ చౌడు మిద్దె వేయడం తెలిసిన చేతులు తగ్గుతున్నాయి. గవాచి, దంతె, మగ్గం గుంట వంటి మాటలను వాటి పనితో సహా చెప్పగలవారు ఉన్నప్పుడే ఈ సేకరణ జరగాలి.