తెర మీది నంబరుకు పూచీ ఎవరిది?

ఫోను చేసేవాడి నంబరు మన తెర మీదికి రావడానికి చాలా ముందే టెలిఫోను కంపెనీకి తెలుసు. ఆ అవసరం బిల్లుది. దూరపు కాల్ కలిపేటప్పుడు ఆపరేటరు నంబరడిగి చీటీ మీద రాసుకునే పద్ధతి పోయి, అమెరికాలోని పెన్సిల్వేనియాలో మీడియా అనే ఊళ్లో 1948లో ఎక్స్చేంజి యంత్రమే ఆ వివరాలను కాగితపు టేపు మీద చిల్లులుగా నమోదు చేయసాగింది. అదే నంబరును కాల్ అందుకునేవారికి చూపించాలన్న ఆలోచన కార్యరూపం దాల్చడానికి మరో మూడున్నర దశాబ్దాలు పట్టింది. ఫ్లోరిడాలోని ఆర్లాండోలో 1984లో ప్రయోగం, న్యూజెర్సీలో 1987లో సేవ మొదలయ్యాయి. ఆ వెంటనే వివాదం లేచింది. అయితే అది నంబరు నిజమా కాదా అన్నది కాదు, చూపించడం సబబా అన్నది. పెన్సిల్వేనియా న్యాయస్థానం 1990లో ఈ సేవ ఆ రాష్ట్ర రహస్య శ్రవణ నిరోధక చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. నంబరు దాచుకోదలచినవారి కోసం డయల్ చేసేముందు నొక్కే సంకేతం వచ్చింది. ఇంత చర్చలోనూ నంబరు సత్యానికి ఎవరు పూచీ అన్న ప్రశ్న వెనకపడిపోయింది.

ఆ ప్రశ్న ఇంజినీర్లకు తెలియనిదేం కాదు. ఎక్స్చేంజీలు తమలో తాము మాట్లాడుకునే ఏడో నంబరు సిగ్నలింగ్ వ్యవస్థలో నంబరు పక్కనే చిన్న సూచిక ఉంటుంది: ఇది నెట్‌వర్క్ ఇచ్చిన నంబరా, వాడకందారు ఇవ్వగా సరిచూసినదా, సరిచూడనిదా అని. ఎన్నో లైన్లున్న ఆసుపత్రి ఏ గది నుంచి ఫోను చేసినా తన ప్రధాన నంబరే కనిపించేలా పెట్టుకోవడం సమంజసమైన అవసరం కనుక ఆ ఏర్పాటు. కానీ ఆ సూచిక మనిషి చూసే తెర దాకా రాలేదు. నా వాదన ఇక్కడే మొదలవుతుంది. నంబరు మార్చుకునే వీలుండటం తప్పు కాదు, మార్చిన సంగతిని చూసేవాడికి చెప్పకపోవడం తప్పు. కవరు మీద పంపినవాడి అడ్రసు పంపినవాడే రాస్తాడు, తపాలా ముద్ర మాత్రం శాఖ వేస్తుంది. ఫోను విషయంలో మనకు అడ్రసు చూపించి ముద్రను చెరిపేశారు.

ఇంటర్నెట్ కాల్స్ వచ్చాక ఈ లోపం బట్టబయలైంది. ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 1999లో వచ్చి మామూలు కంప్యూటరునే ఎక్స్చేంజిగా మార్చేసింది. 2002లో ఖరారైన, ఇంటర్నెట్ కాల్స్ కలిపే సిప్ ప్రమాణంలో ‘ఎవరి నుంచి’ అన్న గడిని కాల్ చేసే పరికరమే నింపుతుంది. అన్నిటికన్నా చిక్కు ఫార్వర్డ్ చేసిన కాల్‌తో. 2005లో మొదలైన గ్రాండ్‌సెంట్రల్ అనే కాల్ మళ్లింపు సేవను గూగుల్ 2007లో కొని, 2009లో గూగుల్ వాయిస్‌గా తెచ్చింది. ఆ సేవ ఇచ్చే నంబరుకు వచ్చిన కాల్ సొంత సెల్లుకు మళ్లినప్పుడు ఏ నంబరు కనిపించాలి? అసలు చేసినవారిదా, మధ్యనున్న గూగుల్ నంబరా? వాడకందారే ఎంచుకోవచ్చు. మొదటిది ఎవరన్నది చెబుతుంది, రెండోది ఏ దారిన వచ్చిందన్నది చెబుతుంది. రెండూ నిజాలే, గడి మాత్రం ఒక్కటే. పైగా అసలు నంబరు చూపాలంటే, మళ్లించే సంస్థ తనది కాని నంబరును ముందుకు పంపాలి. సాంకేతికంగా మోసగాడు చేసేదీ అదే. మళ్లింపు వివరం రాయడానికి వేరే గడి ఉన్నా మామూలు ఫోన్లు దాన్ని చూపవు.

అలాగైతే మార్చడాన్నే నిషేధించవచ్చు కదా అంటారు. అలా చేస్తే, సొంత సెల్లు నుంచి రోగికి ఫోను చేస్తూ ఆసుపత్రి నంబరు చూపే డాక్టరుకూ, మళ్లించిన ప్రతి న్యాయమైన కాల్‌కూ దెబ్బ తగులుతుంది. అందుకే అమెరికాలో 2010 డిసెంబరులో సంతకమైన చట్టం మోసం, హాని, అక్రమ లాభం ఉద్దేశించిన మార్పునే నేరమన్నది. న్యాయమైన గీతే. కానీ ఉద్దేశం కాల్‌తోపాటు ప్రయాణించదు. ఈ కొరత తీర్చడానికి వచ్చిందే స్టర్, షేకెన్ అనే డిజిటల్ సంతకం. పెద్ద కంపెనీలు దాన్ని 2021 జూన్ 30 కల్లా అమలుచేయాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆదేశించింది. కాల్ పుట్టించిన కంపెనీ ఏ, బీ, సీ అని మూడు స్థాయిల్లో పూచీ పడుతుంది. దీంతో సమస్య తీరిందనేవారితో నేను ఏకీభవించను. సంతకం పూచీ పడ్డదెవరో చెబుతుంది తప్ప, చేసినవాడి మంచిచెడ్డలు చెప్పదు. దారిలో పాత ఎక్స్చేంజి తగిలితే జారిపోతుంది కూడా. అయినా నడక సరైన దిక్కులోనే ఉంది. మళ్లించిన కాల్‌కు మళ్లించినవారి సంతకం విడిగా చేర్చే పద్ధతీ 2021లోనే ప్రమాణమైంది.

మన దేశంలో ఇదే సమస్య మరో రూపంలో ఎదురైంది. విదేశం నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ను ఇక్కడి సిమ్ బాక్సులు (చాలా సిమ్ కార్డులు పెట్టిన పరికరాలు) స్థానిక నంబరుతో దింపుతాయి. గల్ఫ్ నుంచి ఇంటికి చేసిన కాల్ ఎవరిదో తెలియని లోకల్ నంబరుతో మోగడానికి ఇదొక కారణం. ఇక మోసగాళ్లు విదేశం నుంచే +91 నంబర్లు తగిలించి పోలీసులమంటూ బెదిరించసాగారు. 2024 అక్టోబరులో కేంద్రం తెచ్చిన వ్యవస్థ అలాంటి కాల్స్‌ను ఆపుతుంది. +91తో బయటి నుంచి వచ్చేవన్నీ దొంగవి కావు, రోమింగ్‌లో ఉన్నవారివీ అలాగే వస్తాయి. అందుకే ఆ నంబరు నిజంగా దేశం దాటిందా అని ముందు సరిచూస్తుంది. దాంతో మోసగాళ్లు విదేశీ కోడ్లకు మారారు. అప్పుడు టెలికాం శాఖ కంపెనీలను అడిగింది: బయటి నుంచి దిగిన కాల్ మీద ‘అంతర్జాతీయ కాల్’ అని తెర మీదే చూపండని. చేసినవాడు చెప్పుకున్నది కాక, నెట్‌వర్క్ తానుగా చూసింది ఆ రెండు మాటల్లో వాడకందారుకు అందుతోంది.